ఇన్సులిన్ పంపు తీసి లాకర్లో పెట్టకండి: విజయవాడ, గుంటూరు రెసిడెన్షియల్ కాలేజీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, డీన్లకు, ఏవోలకు, హాస్టల్ వార్డెన్లకు, ఫ్లోర్ ఇన్‌ఛార్జీలకు,

విషయం: ఇన్సులిన్ పంపు పెట్టుకుని మీ హాస్టళ్లలో చదువుకునే పిల్లల గురించి.

వేసవి సెలవులయ్యాక జూన్‌లో పిల్లలు మళ్లీ పెట్టెలు సర్దుకుని మీ దగ్గరికి వస్తారు. గొల్లపూడి నుంచి నిడమానూరు దాకా, ఇటు తాడేపల్లి, పెదకాకాని దాకా ఏ క్యాంపస్‌లోనైనా మొదటి రోజు పెట్టెలు విప్పించి ఫోన్లు, స్మార్ట్ వాచీలు తీసేసుకుంటారు. తీసుకోండి, అందులో మాకేం అభ్యంతరం లేదు. కానీ ఏ అబ్బాయి నడుముకో, ఏ అమ్మాయి చున్నీ చాటునో పాతకాలపు పేజర్ అంత పరికరం, దాన్నుంచి పొట్ట మీదకు వెళ్లే సన్నటి ట్యూబు కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి. అది ఇన్సులిన్ పంపు. దాన్ని తీసి లాకర్లో పెట్టారంటే ఆ పిల్లలకు ఇన్సులిన్ ఆపేసినట్టే.

వీళ్లది టైప్-1 మధుమేహం. టైప్-1 పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే దెబ్బతిని ఉంటాయి. స్వీట్లు తిన్నందుకు వచ్చింది కాదు, పథ్యం చేస్తే పోదు, మాత్రలతో నడవదు. ఇన్సులిన్ బయటినుంచి ఇవ్వాల్సిందే. పెన్నుతో (పెన్నులా ఉండే ఇన్సులిన్ సూదితో) వేసుకునే పిల్లలకు రెండు రకాలు ఉంటాయి: ఒక రోజంతా పనిచేసేది ఒకటి, తినేముందు వేసుకునేది ఇంకోటి. పంపులో ఉండేది ఒక్క రకమే. లిస్‌ప్రో, ఆస్పార్ట్ లాంటి, తొందరగా పనిచేసి తొందరగా అయిపోయే ఇన్సులిన్. పంపు దాన్నే గంటకు 0.6, 0.8 యూనిట్లు, ఎవరికెంత పెడితే అంత, రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా పంపుతుంటుంది. దీన్ని బేసల్ అంటారు. తినేముందు పిల్లలు బటన్ నొక్కి విడిగా ఇచ్చుకునేది బోలస్.

ఇక్కడే ఉంది అసలు ప్రమాదం. పెన్ను వాడేవాళ్లకి ఆ రోజంతా పనిచేసే ఇన్సులిన్ మేడ మీద ట్యాంకు లాంటిది, కరెంటు పోయినా పూటగడుస్తుంది. పంపు వాడేవాళ్లకి ట్యాంకు లేదు, మోటారు ఆగితే కుళాయి ఆగినట్టే. స్నానానికో ఆటకో పంపు విప్పి గంటలోపు మళ్లీ తగిలించుకుంటే ఫర్వాలేదు. రెండు గంటలు దాటితే షుగర్ పెరగడం మొదలవుతుంది. నాలుగైదు గంటలకి రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ అందక కొవ్వు కరిగి తయారయ్యే ఆమ్లాలు) చేరతాయి. పడుకునేటప్పుడు తీసేసి మర్నాడు ఇస్తామంటే, తెల్లారేసరికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఆ తర్వాత ఐసీయూ.

ఆ వాంతుల సంగతి ముందు చెప్పాలి. హాస్టల్లో ఎవరికి వాంతులైనా అందరి నోటా వచ్చే మాట ఒకటే: మెస్‌లో ఏదో పడలేదు. దగ్గర్లో ఉన్న ఆర్ఎంపీని పిలిచి ఒక సెలైన్ పెట్టించడం, వాంతుల ఇంజెక్షన్ ఇప్పించడం, పడుకోబెట్టడం. ఏమీ తినలేదు కదా అని ఆ పూటకు ఇన్సులిన్ ఆపమంటారు కూడా. పంపు పిల్లల విషయంలో ఇవన్నీ తప్పే. తిన్నా తినకపోయినా బేసల్ ఆగకూడదు. వాంతి అయితే ముందు షుగర్, వెంటనే కీటోన్లు చూడాలి. మీటరులో రక్తం కీటోన్లు 0.6 లోపు ఉంటే మామూలే. 1.5 దాటితే డాక్టరుకు ఫోన్. 3 దాటినా, శ్వాస వేగంగా లోతుగా తీస్తున్నా, నోట్లోంచి పళ్లు మగ్గిన వాసన వస్తున్నా ఆసుపత్రే. గ్లూకోజ్ సెలైన్ ఊళ్లో ఎవరిచేతా పెట్టించకండి. క్యాజువాలిటీకి తీసుకెళ్లినప్పుడు మొదటి వాక్యంగా ‘టైప్-1, ఇన్సులిన్ పంపు మీద ఉన్నారు’ అని చెప్పండి. కడుపునొప్పి అని మొదలుపెడితే గ్యాస్ట్రిక్ దగ్గరే ఓ గంట పోతుంది.

పంపు మీ కళ్లముందు నడుముకి ఉన్నంత మాత్రాన ఇన్సులిన్ లోపలికి వెళ్తోందని కాదు. పంపు లోపల రిజర్వాయర్ అనే చిన్న గొట్టం ఉంటుంది, పెద్ద సైజులో 3 మి.లీ., అంటే 300 యూనిట్లు పడతాయి. దాన్నుంచి ట్యూబు, ట్యూబు చివర చర్మం కింద 6 లేక 9 మి.మీ. పొడవున్న మెత్తటి సన్న గొట్టం, అదే క్యాన్యులా. ట్యూబు, క్యాన్యులా కలిపి సెట్టు అంటారు. మామూలు సెట్లయితే రెండు మూడు రోజులకోసారి మార్చాలి. చెడేది ఎక్కువగా పంపు కాదు, ఈ చివరి సెంటీమీటరే. క్యాన్యులా లోపల మడత పడుతుంది. రక్తం వచ్చి మూసుకుపోతుంది. మన ఉక్కకి చెమట పట్టి అతుకు ఊడుతుంది. పూర్తిగా మూసుకుపోతే పంపే అలారం కొడుతుంది. సగం ఊడి ఇన్సులిన్ బయటికి కారిపోతుంటే మాత్రం పంపుకి తెలియదు, తన లెక్కలో అది ఇచ్చేసినట్టే. అతుకు తడిగా ఉన్నా, ఇన్సులిన్ వాసన (ఫినాయిల్‌లా ఘాటుగా ఉంటుంది) వస్తున్నా సెట్టు మార్చాలి. కారణం లేకుండా షుగర్ 250 దాటి, కరెక్షన్ (షుగర్ దించడానికి ఇచ్చే బోలస్) ఇచ్చాక గంట రెండు గంటలకి కూడా దిగకపోతే, పంపుతో మళ్లీ మళ్లీ ఇవ్వడం దండగ. పెన్నుతో సూది వేసుకుని, సెట్టు మొత్తం మార్చుకోవాలి. ఇందుకు పిల్లలు స్టడీ అవర్ మధ్యలో లేస్తామంటే లేవనివ్వండి. ‘క్లాసయ్యాక చూద్దాం’ అనే మాటకి ఇక్కడ తావు లేదు.

సెట్టు మార్చడానికి పావుగంట, శుభ్రమైన బల్ల, వెలుతురు చాలు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ లోంచి ముందే తీసి గది వేడికి రానివ్వాలి, చల్లటిది ఎక్కిస్తే తర్వాత ట్యూబులో బుడగలు వస్తాయి. బుడగ ఉన్నంతసేపూ లోపలికి వెళ్లేది గాలి, ఇన్సులిన్ కాదు. రిజర్వాయర్ నింపి, వేలితో తట్టి బుడగలు పైకి తెచ్చి వదిలేయాలి. పంపును రివైండ్ చేసి (లోపలి పిస్టన్‌ను వెనక్కి తెచ్చి) రిజర్వాయర్ బిగించాలి. ట్యూబు నింపేటప్పుడు ఆ ట్యూబు ఒంటికి తగిలించి ఉండకూడదు. దీన్నొక్కటీ ఎర్ర ఇంకుతో రాసి గోడకి అంటించినా తప్పు లేదు, ఎందుకంటే తగిలించి ఉండగా నింపితే లెక్కలేనంత ఇన్సులిన్ ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. సూది చివర చుక్కలు కనిపించాక, స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరిన చోట, పాత చోటుకి దూరంగా కొత్తది గుచ్చుకోవాలి. చివరగా క్యాన్యులా ఖాళీ నింపడానికి 6 మి.మీ.కి 0.3, 9 మి.మీ.కి 0.5 యూనిట్లు. తర్వాత గంట రెండు గంటలకి షుగర్ చూసుకుంటేనే సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో తెలుస్తుంది. అందుకే పడుకునేముందు మార్చకూడదు. మీ టైంటేబుల్లో రాత్రి పది దాకా ఊపిరి సలపదు, దాంతో పిల్లలు పదింటికి మార్చి పడుకుంటారు. సాయంత్రం టీ వేళ ఆ పావుగంట ఇప్పించండి.

బ్యాటరీ గురించి ఒక మాట. ఇక్కడ ఎక్కువగా కనిపించే మినీమెడ్ 780జీ లాంటివి ఒక్క ఏఏ బ్యాటరీ మీద నడుస్తాయి. క్యాంపస్ స్టోర్లో గడియారాలకీ రిమోట్లకీ అమ్మే చవక కార్బన్-జింక్ బ్యాటరీ దీనికి పనికిరాదు. ఆల్కలైన్ గానీ లిథియం గానీ కావాలి. లక్షలు పోసి కొన్న పంపు పదిహేను రూపాయల బ్యాటరీ దగ్గర ఆగిపోకూడదు కదా, స్టోర్లో నాలుగు ఆల్కలైన్ సెల్స్ ఉంచమని చెప్పండి.

ఎండల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో బెజవాడ రేకుల షెడ్డులో 44 డిగ్రీలు ఉన్నప్పుడు అందులో పెట్టిన ఇన్సులిన్ నీళ్లలా మారిపోతుంది, చూడ్డానికి మాత్రం ఏ తేడా ఉండదు. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచినవి 30 డిగ్రీల లోపు ఉంచితే నాలుగు వారాలు పనికొస్తాయి. పంపులో ఉన్నది 37 డిగ్రీలు దాటితే పారబోసి కొత్తది నింపుకోవాల్సిందే. కిచెన్ ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు వంటవాళ్లకి చెప్పండి: ఫ్రీజర్లో వద్దు, ఫ్రీజర్ కిందున్న ట్రేలో కూడా వద్దు, మధ్య అరలో మూత ఉన్న డబ్బాలో. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. ఫ్రిజ్ లేని చోట తడిపిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి నీడన ఉంచితే చాలావరకు కాపాడుతుంది. ఔటింగ్‌కి బస్సులో వెళ్లేటప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద, డిక్కీలో పెట్టనివ్వకండి.

ఇక మెస్. బోలస్ లెక్క కట్టడానికి పంపుకి తినే పిండి పదార్థం గ్రాముల్లో కావాలి. ‘రెండు గరిటెలు’ అంటే దానికి అర్థం కాదు, మీ గరిటె ఎంత తూగుతుందో పిల్లలకీ తెలియదు. ఒక్కసారి కాటా మీద పెట్టి చూసి గోడ మీద రాయండి, అంతే మేం అడిగేది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. గరిటె 150 గ్రాములు అనుకుంటే రెండు గరిటెలకి 84. పది గ్రాములకి ఒక యూనిట్ లెక్కన ఇచ్చుకునే పిల్లకి అది 8.4 యూనిట్లు. వడ్డించేవాళ్లు ప్రేమగా ఇంకో గరిటె వేస్తే ఇంకో 42 గ్రాములు, మరో నాలుగు యూనిట్లు. ఆ లెక్క తప్పినందుకే మూడు గంటలకి షుగర్ 300 కనిపిస్తుంది. గోంగూర, వంకాయ కూర లెక్కలోకి పెద్దగా రావు. బంగాళదుంప వేపుడు వస్తుంది. గ్లాసుడు పాలు సుమారు 10 గ్రాములు, మామూలు సైజు అరటిపండు పాతిక. ఆదివారం బిర్యానీ వేరే సమస్య: నూనె ఎక్కువ కాబట్టి అన్నం నెమ్మదిగా అరుగుతుంది, షుగర్ మూడు నాలుగు గంటల తర్వాత లేస్తుంది. సాయంత్రం పరీక్ష మధ్యలో అలారం మోగితే పిల్లల మీద కోప్పడకండి, మధ్యాహ్నం మీరు పెట్టిందే అది.

బోలస్ తినడానికి పది పదిహేను నిమిషాల ముందు ఇచ్చుకోవాలి. ఇచ్చుకున్నాక మెస్ లైన్లో అరగంట నిలబడితే, లేదా తినబోతుండగా డీన్ గారు పిలిపించి మార్కుల మీద క్లాసు పీకితే, ఇన్సులిన్ ఆ ఉపన్యాసం అయ్యేదాకా ఆగదు. షుగర్ పడిపోతుంది. ఈ పిల్లల్ని లైన్లో ముందుకు పంపండి. బోలస్ ఇచ్చుకున్నామని చెబితే తిండి పూర్తయ్యాకే ఏ శిక్షయినా. తిండి మానిపించడం, ఎండలో నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు.

షుగర్ 70 కన్నా తగ్గితే లో. చెమటలు, చేతులు వణకడం, ముఖం పాలిపోవడం, చదివిన లైనే మళ్లీ చదవడం, అడిగినదానికి అడ్డదిడ్డంగా సమాధానం. దూరం నుంచి చూస్తే కునికిపాట్లు పడుతున్నట్టే ఉంటుంది, అందుకే ఇన్విజిలేటర్లు పొరబడతారు. కూర్చున్న చోటే గ్లూకోజ్ పొడి లేదా పంచదార 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాలు, నీళ్లలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాలకి మళ్లీ వేలు పొడిచి చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే. ఒంటి మీద షుగర్ చూపే సెన్సర్ ఉన్నా వేలి చుక్కే నమ్మండి, సెన్సర్ లెక్క కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. ఆటోమేటిక్ పంపులు లో రాబోతుందని ముందే గుర్తించి బేసల్ ఆపేస్తాయి, వాటి మీద ఉన్న పిల్లలకి 5 నుంచి 10 గ్రాములే సరిపోవచ్చు, వాళ్ల డాక్టర్ ఇచ్చిన కాగితంలో ఎంత రాసుంటే అంతే. చాక్లెట్ ఇవ్వకండి, అందులోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. సిక్ రూమ్‌కి ఒంటరిగా నడిపించకండి, మెట్ల మీద పడిపోతారు. స్పృహ లేకపోతే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు: పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఇంటివాళ్లు గ్లూకగాన్ ఇంజెక్షన్ (షుగర్ పెంచే మందు) మీకు ఇచ్చి ఉంటే అది వేసి, 108కి ఫోన్ చేయండి. పంపు విప్పాల్సిన ఒకే ఒక్క అత్యవసరం ఇది. కోసేయకండి, ట్యూబు చివర క్లిప్పు నొక్కితే వస్తుంది.

ఆటల్లో షుగర్ పడే పిల్లలు ముందుగానే పంపులో తాత్కాలిక టార్గెట్ (ఆట అయ్యేదాకా షుగర్‌ను కాస్త ఎక్కువగా ఉంచే సెట్టింగు) పెట్టుకుంటారు. గ్రౌండు ఉన్న కాలేజీలు మన దగ్గర తక్కువే కాబట్టి ఇంతకంటే రాయడం లేదు.

పంపు మొరాయిస్తే పెన్నుల మీదకి మారాలి. అందుకు ప్రతి పిల్లకీ ఒక డబ్బా మీ ఫ్లోర్‌లోనే, తాళం లేకుండా ఉండాలి: రెండు సెట్లు, రెండు రిజర్వాయర్లు, బ్యాటరీలు, తొందరగా పనిచేసే పెన్ను ఒకటి, రోజంతా పనిచేసే పెన్ను ఒకటి, సూదులు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, కీటోన్ స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి. దాంతోపాటు డాక్టర్ సంతకం చేసిన కాగితం. పంపు తెర ఆరిపోతే అందులోని సెట్టింగులు కూడా దానితోనే పోతాయి, కాబట్టి గంటవారీ బేసల్, కార్బ్ రేషియో (ఒక యూనిట్‌కి ఎన్ని గ్రాముల పిండి పదార్థమో), ఒక్క యూనిట్‌కి షుగర్ ఎంత దిగుతుందో, పెన్ను మీద ఉంటే రోజుకెంత వేయాలో ఆ కాగితం మీద ఉండాలి. డోసు వార్డెన్ నిర్ణయించక్కర్లేదు, నిర్ణయించకూడదు కూడా. కాగితం చూసి వేసుకుంటుంటే పక్కన నిలబడితే చాలు.

మీ సిక్ రూమ్ నర్సులకి ప్రత్యేకంగా ఇది చెప్పండి. మన మెడికల్ షాపుల్లో ఇప్పటికీ రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది, మి.లీ.కి 40 యూనిట్లు, 100 యూనిట్లు. సిరంజీలూ రెండే: ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. పంపులో వాడే సీసా 100ది. ఎర్ర మూత సిరంజీతో 10 గీత దాకా లాగితే వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. ఇది ప్రాణం మీదకి తెస్తుంది. పంపులో ఇన్సులిన్ అయిపోయిందని షాపులో దొరికిన 40 బలం సీసా తెచ్చి నింపడమూ అంతే తప్పు, అప్పుడు సగం కూడా అందదు.

పరీక్షల విషయంలో మీరు చేయగలిగింది చాలా ఉంది, ఎందుకంటే సెంటర్లుగా వాడేది మీ భవనాలే, ఇన్విజిలేటర్లు చాలామంది మీ స్టాఫే. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. గేటు ఒకటిన్నరకి మూస్తారు, పిల్లలు ఇంకా ముందే లోపలికి వెళ్తారు. పన్నెండున్నరకి తనిఖీలో పంపు విప్పించి ఐదున్నరకి ఇస్తే ఐదు గంటలు. ఏమవుతుందో పైనే రాశాం, పరీక్ష ఎలాగూ పోతుంది. చేతిలో పట్టుకుని చూసే మెటల్ డిటెక్టర్‌తో పంపు పక్కనుంచి చూడొచ్చు, గేటులా ఉండే డిటెక్టర్ గుండా నడవొచ్చు. సామాన్లు స్కాన్ చేసే ఎక్స్‌రే మెషీన్లో మాత్రం పంపును పెట్టకూడదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ గదుల్లోకి వెళ్లేటప్పుడు విప్పి బయట పెట్టాలి, అయ్యాక వెంటనే తగిలించాలి. హాల్లో జామర్లున్న చోట సెన్సర్ నుంచి లెక్కలు రాకపోవచ్చు. అప్పుడు కూడా ముందే పెట్టిన బేసల్ నడుస్తూనే ఉంటుంది. వేలి చుక్క చూసుకోవడానికి గ్లూకోమీటరును బల్ల మీద ఉంచనివ్వండి.

మధుమేహం ఉన్నవాళ్లు చక్కెర బిళ్లలు, పండ్లు, లోపల కనిపించే నీళ్ల సీసా తెచ్చుకోవచ్చని జేఈఈ మెయిన్ సూచనల్లోనే ఉంది. పదో తరగతి, పన్నెండో తరగతి పరీక్షలకి సీబీఎస్ఈ 2017లోనే ఇలాంటి వెసులుబాటు ఇచ్చింది. టైప్-1 పిల్లలు స్కూళ్లలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, మధ్యలో తినడానికి వీలు కల్పించమని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. కాగితాల మీద ఇవి ఉన్నా, గేటు దగ్గర కానిస్టేబుల్‌కీ ప్రైవేటు సెక్యూరిటీకీ ఎవరూ చెప్పరు. హాల్‌టికెట్లు వచ్చిన రోజే ఆ పిల్లల డాక్టర్ సర్టిఫికెట్ సెంటర్ సూపరింటెండెంటుకి చేరేలా కాలేజీ తరఫున ఉత్తరం పెట్టండి. తల్లిదండ్రులు గేటు దగ్గర బతిమాలడం కంటే మీ లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు గట్టిగా పనిచేస్తాయి.

ఫోన్ల గురించి నిజాయితీగా ఒక మాట. పంపు ఫోను లేకపోయినా నడుస్తుంది, షుగర్ లెక్కలు ఇంటికి చేరవేయడానికే ఫోను కావాలి. కాబట్టి పంపు పేరు చెప్పి పిల్లల చేతికి ఫోను ఇవ్వమని మేం అడగం. పంపు లేకుండా సెన్సర్ ఒక్కటే పెట్టుకుని ఫోనుతో స్కాన్ చేసుకునేవాళ్లకి ఫోను బదులు దాని రీడర్ ఇప్పించమని తల్లిదండ్రులకి మీరే చెప్పండి.

ఒక్కో ఫ్లోర్‌కి ఇద్దరు తెలిసినవాళ్లుంటే చాలు, అందులో ఒకరు రాత్రి డ్యూటీవాళ్లు అయి ఉండాలి. ఆదివారం పరీక్షయ్యాక ఓ గంటన్నర ఇవ్వండి. పాత పంపు, గడువు తీరిన సెట్లు, సెలైన్ నింపిన రిజర్వాయర్లు మేమే తెస్తాం. మీ స్టాఫ్ చేత క్లిప్పు విప్పించి, తగిలించి, గ్లూకగాన్ కలిపించి చూపిస్తాం. గరిటె తూచడానికి కాటా కూడా తెస్తాం.

ఇట్లు,
టైప్-1 పిల్లల తల్లిదండ్రులు, డయాబెటిస్ ఎడ్యుకేటర్లు
విజయవాడ, గుంటూరు